ఇరవై నాలుగో జాడ

నేను ఇంటర్ బైపీసీ పాసైన ఏడాది అమ్మ నన్ను నర్సింగ్‌లో చేర్పించాలనుకుంది. నేను లా చదువుతానన్నాను. మా ఇంట్లో అప్పటిదాకా కోర్టు మెట్లు ఎక్కినవాళ్ళెవరూ లేరు. అమ్మ జగ్గయ్యపేటలో ఒక ప్రైమరీ స్కూల్లో టీచరు, నాన్న బస్సు డిపోలో మెకానిక్.

"లా చదివి ఎవరిమీద కేసేస్తావే?" అని నాన్న నవ్వాడు.

"మన సమాధుల దొడ్డి కోసం వేస్తా," అన్నాను. నాన్న నవ్వటం ఆపేశాడు.

ఆ దొడ్డి సంగతి ముందు చెప్పాలి. మా నాయనమ్మ ఉండేది వత్సవాయి రోడ్డు నుంచి కొంచెం లోపలికి పోవాల్సిన ఊళ్ళో. ఆ ఊరి చివర, చర్చి చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ మావాళ్ళవే. వాళ్ళు చనిపోయినవాళ్ళని ఒక రైతు పొలం మూలన ఉన్న అరెకరం ముక్కలో పూడ్చుకునేవాళ్ళు. ఆ రైతు తాత ఎప్పుడో నోటిమాటగా ఇచ్చిన చోటది. తరవాత ప్రభుత్వం రోడ్డు పక్కన వేరే స్థలం ఇచ్చింది. పాతచోట పూడ్చటం ఆగిపోయి ముప్ఫయ్యేళ్ళు దాటింది. మట్టి సమాధులు వానలకి అణిగిపోయాయి. చెక్క సిలువలకి చెద పట్టింది. ఆ రైతు మనవలు పొలమంతా ఒకే దస్తావేజు మీద జగ్గయ్యపేటలో కొట్టున్న ఒక షావుకారుకి అమ్మేశారు. ఆయన ఆ మూల ముక్కతో సహా దున్నించి కౌలుకిచ్చాడు. కౌలు రైతు పత్తి పెట్టాడు.

మావాళ్ళు మండలాఫీసుకి వెళ్ళి మొరపెట్టుకున్నారు. అక్కడ రికార్డు తీసి చూసి, ఆ సర్వే నంబర్లో శ్మశానం అన్న మాటే లేదని చెప్పారు. నాయనమ్మ ఆ రోజు సాయంత్రం మా ఇంటికొచ్చి, వరండాలో గోడకి ఆనుకుని కూర్చుంది.

"అక్కడ ఎవరూ లేరంట," అంది. "మరి మా అత్తగారు, మామగారు, వాళ్ళంతా ఎక్కడికి పోయినట్టే?"

ఆమె ఏడవలేదు. నిజంగా జవాబు కావాలన్నట్టు నావైపు చూసింది. నేను అప్పుడు ఇంటర్ పరీక్షలకి చదువుతున్నాను. ఆ ప్రశ్నకి నా పుస్తకాల్లో ఏమీ లేదు.

ఇంటర్ అయ్యాక లాలో చేరటానికి రెండు దార్లున్నాయి. నేరుగా ఐదేళ్ళ కోర్సులో చేరొచ్చు. లేదంటే ఏదో ఒక డిగ్రీ చేసి, ఆ తరవాత మూడేళ్ళ లా చదవొచ్చు. నాకు తొందరగా ఉంది కాబట్టి ఐదేళ్ళదే అనుకున్నాను. ఎందుకైనా మంచిదని అమ్మ నన్ను నందిగామ తీసుకెళ్ళింది. అక్కడ ఆమెతో పాటు చదువుకున్న ఒకావిడ కోర్టులో ప్రాక్టీసు చేస్తోంది. కోర్టు వెనక వీధిలో ఇంటి ముందుగదే ఆవిడ ఆఫీసు. ఆవిణ్ణి నేను ఇప్పటికీ మేడం అనే పిలుస్తాను.

మేడం నా మాటంతా విన్నారు. దొడ్డి సంగతి కూడా విన్నారు. విని, ఫ్యాను తగ్గించి, ఎగిరిపోతున్న కాగితాల మీద చెయ్యి పెట్టారు.

"ఏమ్మా, నువ్వు రేపే లాయరువైపోయావనుకో. కోర్టులో నిలబడి ఏం చెప్తావ్? అక్కడ మనుషులున్నారని చెప్తావ్. ఎలా తెలుసు అంటారు. అప్పుడు?"

"మా నాయనమ్మ చెప్పింది మేడం."

"ఇంకా?"

నేను అమ్మ వైపు చూశాను.

"లా నీకు చట్టం నేర్పిస్తుంది. ఆ చట్టం ముందు నిలబెట్టాల్సిందేదో అది లా పుస్తకాల్లో ఉండదు. నా సర్వీసులో నేను ఓడిపోయిన కేసులు సగం చట్టం తెలీక కాదు. నేల గురించి తెలీక, లెక్క తెలీక, పాత రాత చదవటం రాక. నామాట విని మూడేళ్ళు డిగ్రీ చెయ్."

"ఏ డిగ్రీ మేడం?"

"అది నన్నడగకు. ఆ దొడ్డినే అడుగు. అక్కడ ఎవరున్నారో తేల్చాలంటే ఏమేం తెలియాలో ఒక పుస్తకంలో రాస్కో. ఆ రాసుకున్నదే నీ డిగ్రీ."

నందిగామ బస్టాండ్ దగ్గర వందపేజీల నోటుపుస్తకం ఒకటి కొన్నాను. బస్సులో కూర్చుని మొదటి పేజీలో "సమాధుల దొడ్డి" అని రాశాను. దాని కింద "చట్టం" అని రాశాను. జగ్గయ్యపేటలో దిగేదాకా మూడో మాట తోచలేదు.

ఆగస్టులో డిగ్రీ అడ్మిషన్లకి ఆన్‌లైన్‌లో ఆప్షన్లు పెట్టుకోమన్నారు. ఆ నెలలో వాన ఎగ్గొట్టింది. మూడు వారాలు చినుకు లేదు. ఆప్షన్లు పెట్టేలోగా నా పుస్తకంలో ఏదో ఒకటి రాయాలని ఒక ఆదివారం ఊరికెళ్ళాను. చర్చి అయ్యాక నాయనమ్మని నాతో పొలానికి రమ్మన్నాను.

"ఎండకదే," అంది. అని, మళ్ళీ ఏమనుకుందో కర్ర తీసుకుని బయల్దేరింది.

మేము వెళ్ళేసరికి పన్నెండు దాటింది. మోకాలెత్తు పత్తి. ఆకులు ఎండకి వాలిపోయి ఉన్నాయి. గాలి లేదు. పొలంలో మనిషి లేడు, కొంగ కూడా లేదు. నల్లరేగడి నేల నెర్రెలిచ్చి ఉంది. కొన్ని నెర్రెల్లో నా చెయ్యి మణికట్టుదాకా పడుతుంది. నాయనమ్మ గట్టు మీద చెప్పులు విప్పేసింది. నన్నూ విప్పమంది.

సాళ్ళ మధ్య ఆమె ముందు నడుస్తోంది, వెనకాల నేను. ఆమె కిందకి చూడటం లేదు. ఎదురుగా ఉన్న చెట్ల వైపు చూస్తూ, ఇంట్లో చీకట్లో నడిచినట్టు నడుస్తోంది. పది అడుగులు వేసి ఆగింది.

"మా అత్తగారు."

నాలుగు అడుగులు వేసి మళ్ళీ ఆగింది.

"మీ తాత అక్క. పెళ్ళి కాలా. నీ ఈడుకే పోయింది. నీ ఎత్తే ఉండేది."

అలా ఆగినచోటల్లా నేను ఒక చిన్న పుల్ల గుచ్చాను. రెండు మూడు చోట్ల అయ్యాక నాకు ఒక సంగతి తెలిసింది. ఆమె ఆగినచోట నా అరికాలికి మట్టి మెత్తగా తగులుతోంది. చుట్టూ ఉన్న నేల కాలుతోంది, అక్కడ కాలటం లేదు. నెర్రె ఒకటి దూరం నుంచి తిన్నగా వచ్చి, ఆ చోటు దగ్గరకొచ్చేసరికి పక్కకి తిరిగిపోయింది. మొదట ఇది నా భ్రమేమో అనుకున్నాను. తరవాతి చోట ముందు నెర్రెని చూసి, ఆపైన నాయనమ్మ ఎక్కడ ఆగుతుందో చూశాను. నెర్రె తిరిగినచోటే ఆమె కాళ్ళు ఆగాయి.

ఆ మూల ముక్క మధ్యకొచ్చాక ఆమె ఉన్నట్టుండి సాలు దాటి పక్క సాల్లోకి, అక్కణ్ణుంచి ఇంకో సాల్లోకి వెళ్ళింది. వంపుగా తిరిగి మళ్ళీ పాత సాల్లోకే వచ్చింది. మధ్యలో అడ్డం ఏమీ లేదు, పత్తి తప్ప.

"ఎందుకు నాయనమ్మా, అటు తిరిగావ్?"

"అటు పోమాక," అంది. అంతే.

చివరికొచ్చి లెక్క చెప్పింది. మొత్తం ఇరవై ముగ్గురు. నా పుల్లలూ ఇరవై మూడే.

సాయంత్రం ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డాం. అక్కడ రోడ్డు పొలం కన్నా బాగా ఎత్తులో ఉంటుంది. పొద్దు పడమటికి దిగి, ఎండ పత్తి మీద ఏటవాలుగా పడుతోంది. ఆటో వస్తుందేమోనని తిరిగి చూసి, మళ్ళీ పొలం వైపు చూశాను.

పొలమంతా పాలిపోయి, పసుపు తిరిగి ఉంది. ఆ మూల మాత్రం ముదురాకుపచ్చ పట్టీలు. ఒక్కోటి మనిషి పొడుగు, మూరెడు పైన వెడల్పు. అక్కడి మొక్కలు చుట్టూ ఉన్నవాటి కన్నా జానెడు ఎత్తుగా, ఆకు వాల్చకుండా నిలబడ్డాయి. వరసలుగా, అన్నీ తూర్పు పడమరలుగా. నేలలో పడుకున్నవాళ్ళు పైన ఆకుపచ్చ దుప్పట్లు కప్పుకున్నట్టు. మధ్యాహ్నం వాటి మధ్యనే తిరిగి వచ్చాను. లోపల ఉన్నప్పుడు నాకు ఒక్కటీ కనపడలేదు.

ఫోన్ తీసి ఫోటోలు తీశాను. తరవాత లెక్కపెట్టాను. ఇరవై నాలుగు వచ్చాయి. మళ్ళీ లెక్కపెట్టాను. మూడోసారి వేలితో గాల్లో చూపిస్తూ లెక్కపెట్టాను. ఇరవై నాలుగే. మధ్యలో ఒకటి మిగతావాటి కన్నా పొట్టిగా, వాటికి అడ్డంగా, ఉత్తర దక్షిణాలుగా ఉంది. నాయనమ్మ తప్పుకుని నడిచిన చోటు అదే.

"నాయనమ్మా, చూడు, అన్నీ కనబడుతున్నాయ్!"

ఆమె పొలానికి వీపు తిప్పి నిలబడి ఉంది.

"నేను చూడక్కర్లా," అంది.

మర్నాడు ఫోన్ పట్టుకుని జగ్గయ్యపేటలో డిగ్రీ కాలేజీకి వెళ్ళాను. ఆప్షన్లు పెట్టటానికి సాయం చెయ్యటానికి లెక్చరర్లు ఇద్దరు ఒక గదిలో కూర్చుని ఉన్నారు. ఒకాయన బోటనీ సార్. రోజూ కంచికచర్ల నుంచి వచ్చిపోయే మనిషి. ఇంకొకాయన హిస్టరీ సార్. పిల్లలు పెద్దగా లేరు. నేను మార్కుల మెమో బదులు ఫోటో చూపించాను.

బోటనీ సార్ దాన్ని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

చెప్పాను.

"తవ్వి పూడ్చిన నేల వదులుగా ఉంటుంది. తడిని పట్టి ఉంచుతుంది. వేరు లోతుగా దిగుతుంది. మామూలప్పుడు తేడా తెలీదు. వాన ఎగ్గొడితే, మిగతా మొక్కలు వడిలిపోతే, అప్పుడు ఇవి బయటపడతాయ్."

"ఎన్నేళ్ళయినానా సార్?"

"ఎన్నేళ్ళయినా. ఒకసారి తవ్విన నేల మళ్ళీ తవ్వని నేల అవ్వదు."

హిస్టరీ సార్ కుర్చీ దగ్గరకి జరుపుకున్నారు. ఫోన్ తీసుకుని, అడ్డంగా ఉన్నదాని మీద వేలు పెట్టారు.

"మీవాళ్ళు తల పడమరకి పెట్టి పూడుస్తారు కదూ? ఇది మీవాళ్ళు పూడ్చింది కాదు. తల దక్షిణానికి పెట్టేది హిందువులు."

"వాళ్ళు దహనం చేస్తారు కదా సార్?"

"పసిపిల్లల్ని చెయ్యరమ్మా," అన్నారాయన.

ఎవరో పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. సార్ వాళ్ళని ఆగమన్నారు.

ఆ రాత్రి నోటుపుస్తకంలో ఒక్కసారిగా పేజీ నిండింది. మొక్కలు. నేల. పాత అలవాట్లు, ఎవరు ఎవర్ని ఎలా సాగనంపుతారు. పాత రెవెన్యూ రికార్డుల రాత. పొలం కొలత. ఇవన్నీ ఒకే డిగ్రీలో ఎక్కడ దొరుకుతాయి? మా డిగ్రీలో మేజర్ అని ఒకటే సబ్జెక్టు తీసుకోవాలి. దానికి తోడుగా మైనర్ ఇంకోటి. హిస్టరీ మేజర్, బోటనీ మైనర్ అని అమ్మకి చెప్పాను.

"హిస్టరీకి బోటనీకి ఏం సంబంధమే? ఆవకాయలో పాలు పోస్కుని తినేవాళ్ళని చూశావా ఎక్కడన్నా?" అంది అమ్మ.

నేను ఫోటో చూపించాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. ఆ పట్టీల్లో వాళ్ళ అత్తగారి అత్తగారు ఉందని చెప్పాను. అమ్మ కళ్ళజోడు తీసేసి, "ఆ ఆప్షనే పెట్టుకో," అంది. ఆర్ట్స్ మేజర్‌కి సైన్స్ మైనర్ ఇవ్వటానికి కాలేజీలో కాస్త ఆలోచించారు. ఇంటర్లో బైపీసీ కాబట్టి కుదిరింది. బోటనీ సార్ నా తరఫున మాట్లాడారని తరవాత తెలిసింది. కొలత, పాత రాత కాలేజీలో లేవు. సెలవుల్లో ఒక ప్రైవేటు సర్వేయరు దగ్గరా, రిటైరైన ఒక రికార్డు గుమాస్తా దగ్గరా నేర్చుకోవాలని రాసుకున్నాను. మేడంకి ఫోన్ చేసి ఇదంతా చదివి వినిపించాను.

"ఇప్పుడు చేరు," అన్నారు.

కాలేజీ మొదలవటానికి ముందు ఊరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి టేపు తీసుకెళ్ళాను. ఇంకా వాన లేదు. పట్టీలు మరింత ముదిరాయి. ఇప్పుడు రోడ్డు ఎక్కకపోయినా గట్టు మీంచే కనబడుతున్నాయి. కలుపు తీసే ఆడవాళ్ళు ఆ మూలకొచ్చి ఆగిపోయారు. మా ఊరివాళ్ళు కాదు, పక్క ఊరి కూలీలు. వాళ్ళకి ఎవరూ ఏమీ చెప్పలేదు.

"అక్కడ కూచుంటే కాళ్ళు లాగేస్తన్నయ్యమ్మా," అంది ఒకామె. "పక్కన ఎవరో కూచుని కలుపు తీస్తన్నట్టే ఉంటంది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు."

ఆమె నన్ను భయపెట్టాలని అనలేదు. రోడ్డు బాగాలేదని చెప్పినట్టు చెప్పింది. కొంగుతో మొహం తుడుచుకుని అవతలి సాలుకి వెళ్ళిపోయింది.

నేను ఒక్కదాన్నే కొలిచాను. ప్రతిదాని పొడుగూ వెడల్పూ, గట్టు నుంచి దూరం, ఒకదాని నుంచి ఇంకోదానికి దూరం. కాగితం మీద పటం గీశాను. అడ్డంగా ఉన్నది చివర కొలిచాను. టేపు ఆ చివర పట్టుకోవటానికి ఎవరూ లేరు. ఒక మొక్క మొదట్లో తగిలించి ఇవతలికి వచ్చాను. రెండుసార్లు ఊడిపోయింది. మూడోసారి ఊడలేదు. నేను వెనక్కి నడుస్తుంటే టేపు బిగుతుగా, ఎవరో పట్టుకున్నట్టు నిలబడింది. నాలుగడుగుల రెండంగుళాలు. రాసుకుని, టేపు సరిగా చుట్టకుండానే గట్టు మీదకొచ్చి చెప్పులేసుకున్నాను.

ఇంటికొచ్చి నాయనమ్మని అడిగాను. "ఆ ఇరవై నాలుగోది ఎవరిది?"

"అది మనది కాదు."

"మరి ఎవరిది?"

"మీ తాత మాటిచ్చాడు. నన్నడగమాక." పొయ్యి దగ్గర నుంచి లేచి బయటికెళ్ళిపోయింది. ఆ రోజు అన్నం నేనే వడ్డించుకుని తిన్నాను.

మేడం నా ఫోటోలూ పటమూ జతచేసి మావాళ్ళ తరఫున డివిజనాఫీసులో అర్జీ పెట్టారు. స్వయంగా వచ్చి చూడాలని అడిగారు. అధికారి తేదీ ఇచ్చారు. ఆ తేదీకి నాలుగు రోజుల ముందు వాన మొదలైంది. రెండు రోజులు ఆగకుండా కురిసింది.

అధికారి, సర్వేయరు, మేడం, మా ఊరి పెద్దలు, షావుకారు, అందరూ వచ్చేసరికి పొలమంతా ఒకే ఆకుపచ్చ. రోడ్డు మీంచి చూశాం, గట్టు మీంచి చూశాం. ఎక్కడా ఒక గీత లేదు. వడిలినవన్నీ తేరుకుని ఆ ఇరవై నాలుగింటితో కలిసిపోయాయి. నెర్రెలు కూడా మూసుకుపోయాయి. అవి నేను నిజంగా చూశానా అన్న అనుమానం నాకే వచ్చింది.

"ఏదమ్మా?" అన్నారు అధికారి, ఫోన్లో ఫోటోనీ ఎదురుగా పొలాన్నీ మార్చి మార్చి చూస్తూ.

షావుకారు మర్యాదైన మనిషి. "నాకూ ఎవర్నీ బాధపెట్టాలని లేదండి," అన్నాడు. "కానీ కొన్న కాగితంలో లేదు, నేల మీద లేదు. ఫోటోలంటే ఈ రోజుల్లో ఎలాగైనా వస్తాయి కదండీ."

అప్పుడు మేడం నాయనమ్మని ముందుకు రమ్మన్నారు. "మీకు తెలిసిన చోట్లలో ఆగుతూ నడవండమ్మా," అన్నారు. నా పటం సర్వేయరు చేతికిచ్చారు. నాయనమ్మ ఆ పటాన్ని ఎప్పుడూ చూడలేదు. చూసినా ఆమెకి చదవటం రాదు.

నాయనమ్మ చెప్పులు విప్పి బురదలోకి దిగింది. పత్తి ఇప్పుడు ఆమె నడుందాకా ఉంది. నడిచింది, ఆగింది. సర్వేయరు వెనకాలే కొలుస్తూ వెళ్ళాడు. మొదటిదానికి నవ్వుతూ కొలిచాడు. ఐదోదానికి నవ్వు పోయింది. పదోదాని దగ్గర గొంతు తగ్గించి, "అరడుగు కూడా తేడా లేదండి," అన్నాడు. మధ్యకొచ్చేసరికి ఆమె మళ్ళీ వంపు తిరిగింది. పటంలో అక్కడ అడ్డంగా ఒక గీత ఉంది.

ఇరవై మూడూ అయ్యాక అధికారి అడిగారు. "ఇక్కడ ఇంకోటి గీసి ఉందేమ్మా? అది మీరు చూపించలేదే?"

నాయనమ్మ బురద కాళ్ళతో గట్టెక్కింది. షావుకారు వైపు తిరిగింది.

"బాబుగారూ, ఆ ఒక్కటీ మాది కాదండి. మీదండి."

"మాదేంటి?"

"మా ఆయన మీ కొట్లో మూటలు మోసేవాడు. మీ నాన్నగారికి మాటిచ్చాడు, ఎవరికీ చెప్పనని. నాన్నగారూ పోయారు, మా ఆయనా పోయాడు. అమ్మగారు ఉన్నారు కదండీ. అడగండి."

షావుకారు మొహంలో రంగు మారింది. కారెక్కి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండా ఆయన తల్లి వచ్చింది. నేను ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాను. మిట్టమధ్యాహ్నం కారు రోడ్డు మీద ఆగింది. సన్నగా, తెల్లగా, చేతికర్రతో ఒక పెద్దావిడ దిగింది. వెనకాల షావుకారు, పిలిస్తే తప్ప దగ్గరకి రాకూడదన్నట్టు దూరంగా నిలబడ్డాడు. ఆవిడ నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ ఒకే వయసుంటుంది.

"నాకు పదకొండో రోజమ్మా," అంది ఆవిడ, నాతోనే, ఎందుకో. "తొలి కాన్పు. బిడ్డ దక్కలేదు. ఏటి అవతల మావాళ్ళని పెట్టే చోటుకి తీసుకెళ్ళామని చెప్పారు. ఆ రోజు ఏరు పొంగుతోంది. ఆ హోరు మా ఇంట్లోకి వినబడుతోంది. ఎవరూ దాటలేరని నాకు తెలుసు. అయినా ఎక్కడ పెట్టారని అడగలేదు. అరవయ్యేళ్ళు అడగలేదు."

నాయనమ్మ అప్పుడు మిగతాది చెప్పింది. తాత ఆ పసిబిడ్డని తుండుగుడ్డలో చుట్టి, పొట్టకి ఆనించుకుని, వానలో సైకిలు తొక్కుకుంటూ ఊరికొచ్చాడు. వాళ్ళ పద్ధతిలోనే తల దక్షిణానికి పెట్టాడు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు.

నేను వాళ్ళిద్దర్నీ ఆ చోటుకి తీసుకెళ్ళాను. పత్తి పూత మీద ఉంది. ఆవిడ మొక్కల మధ్య నిలబడి కిందకి చూసింది.

"తల ఎటమ్మా?"

"ఇటండి."

"ఎంత ఉంది?"

నా నోటుపుస్తకం నా చేతిలోనే ఉంది. అందులో నాలుగడుగుల రెండంగుళాలు అని ఉంది.

"చిన్నదేనండి," అన్నాను.

ఆవిడ అక్కడే, ఆ బురదలో, పట్టుచీరతో కూర్చుంది. షావుకారు పరిగెత్తుకొస్తే చెయ్యి ఎత్తి ఆపింది.

ఆ ఏడాది పత్తి తీసేశాక ఆ అరెకరం మళ్ళీ దున్నలేదు. షావుకారు కంచె వేయించి, అది సమాధుల చోటేనని డివిజనాఫీసులో రాసిచ్చాడు. రికార్డులో ఆ మాట ఎక్కటానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. ఎక్కిన రోజు మేడం నందిగామ నుంచి ఫోన్ చేసి, ఆ లైను నాకు చదివి వినిపించారు.

నా డిగ్రీ రెండో ఏడాదిలో ఒకరోజు బోటనీ సార్‌ని అడిగాను. రెండడుగుల గొయ్యి మీద పచ్చదనం నాలుగడుగులు పాకుతుందా అని.

"ఆ పక్క నాలుగంగుళాలు, ఈ పక్క నాలుగంగుళాలు. అంతే. రెట్టింపు అవ్వదు. ఎందుకూ?" అన్నారు.

ఆ ఆదివారం నాయనమ్మ దగ్గరకెళ్ళాను. "తాత నీకు ఆ చోటు చూపించాడా?"

"గట్టు మీంచి చెయ్యి చూపించాడు. అటు అన్నాడు."

"దగ్గరకెళ్ళి చూపించలేదా?"

"అటు అన్నాడు. అదేననుకున్నా."

"అనుకున్నావా?"

ఆమె చేటలో బియ్యం ఏరుకుంటూ తల ఎత్తలేదు. పాకింది తీసేసినా మూడున్నర అడుగులు, అంటే నాలుగైదేళ్ళ పిల్ల. అలాంటి పిల్ల ఎవరు, ఎవరు పూడ్చారు, పసిబిడ్డ ఇంకెక్కడున్నట్టు? తవ్వితే తప్ప తెలీదు. తవ్వమని ఎవరూ అడగలేదు. మేడంకి మాత్రం చెప్పాను.

"ఎవరూ అడగని ప్రశ్నకి నువ్వు జవాబు చెప్పనక్కర్లా. కానీ నీ పుస్తకంలో కొలత మాత్రం దిద్దకు," అన్నారు.

దిద్దలేదు.

డిగ్రీ అయిపోయింది. పాత రికార్డుల రాత ఇప్పుడు తడుముకోకుండా చదువుతాను. గొలుసుతో పొలం కొలవటం వచ్చు. లాసెట్ రాసి ఈ ఏడాది మూడేళ్ళ లాలో సీటు తెచ్చుకున్నాను. క్లాసులు మొదలయ్యే ముందు ఆగస్టులో ఒకసారి ఊరికెళ్ళి, సాయంత్రం ఆ రోడ్డు మీద నిలబడ్డాను. కంచె లోపల ఇప్పుడు పత్తి లేదు. అంతా అడివిగడ్డి. ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒకేలా ఎండిపోయి ఉంది. ఇరవై నాలుగింటిలో ఒక్క జాడ కూడా లేదు.

అక్కడుండగానే షావుకారు తల్లి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. ప్రతి ఏడూ ఆ నెలలో ఆవిడ ఫోన్ చేస్తుంది.

"కనబడుతోందా అమ్మా?"

ఈసారి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఈ ఏడు కనబడటం లేదండి," అన్నాను.



"అయితే అక్కడ వాన పడిందన్నమాట. మంచిదమ్మా," అని ఫోన్ పెట్టేసింది.

అక్కడ వాన పడి నెల దాటింది.